విమానపు పైమూత: బందు ఎక్కడ, గడియ ఎక్కడ?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాత ఇండ్లలో ఇనుప బందులు లేని తలుపులు కనబడును. తలుపు రెక్కకు ఒక ప్రక్కన, పైనను క్రిందను, కొయ్య మొనలు మిగిల్చి, వానిని ద్వారబంధములోని గుంటలలో నిలుపుదురు. ఆ మొనలే తలుపునకు ఇరుసు. తలుపు ఏ ప్రక్కకు తిరుగవలెనో, గడియ ఎచ్చట ఉండవలెనో వడ్రంగి ముందుగానే నిర్ణయించుకొనును. ఒకమారు నిలిపిన తరువాత మార్చుట కష్టము.

ఆషాఢమాసమున ఈ మెట్టప్రాంతముల మీద పడమటి గాలి బలముగా వీచును. ఆ గాలి గోడ వెంబడి పోవునపుడు, వెలుపలికి తెరచుకొను రెండు రెక్కల కిటికీని గమనించిన ఒక విశేషము తెలియును. గడియ వేయక రెండు రెక్కలను కొద్దిగా తెరచి వదలినచో, గాలి వచ్చు వైపున బందు గల రెక్కను గాలియే మరల మూయును. గాలి వచ్చు వైపున వట్టి అంచు గల రెక్కను మాత్రము గాలి పట్టుకొని, పూర్తిగా తెరచి, గోడకు కొట్టును. రెక్కలు రెండును ఒకే కొయ్య, ఒకే కొలత, ఒకే బరువు. భేదమంతయు బందు ఏ వైపున ఉన్నదను దానిలోనే యున్నది.

మోటారు కార్లను నిర్మించినవారు ఈ పాఠమునే నేర్చుకొనిరి. తొలి రోజుల కార్లలో పెక్కింటికి తలుపుల బందులు వెనుకవైపున ఉండెడివి. కారు పోవుచుండగా గడియ ఊడినచో, ఎదురుగాలి తలుపును బట్టి విరిచివేసెడిది. కాలక్రమమున బందులు ముందువైపునకు మారినవి. గంటకు వంద కిలోమీటర్ల గాలికే ఇంత బలమున్నచో, అంతకు మించిన వేగమున పోవు విమానపు మూతకు బందు ఎచ్చట ఉండవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా తోచును. కాని దానిపై ప్రాణములు ఆధారపడియున్నవి.

మూత లేని రోజులు

1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానము ఎగిరినపుడు చాలకుడు క్రింది రెక్కపై బోరగిల పడుకొని యుండెను. గది లేదు, మూత లేదు. తరువాత చాలకుడు కూర్చొనుటకు విమాన శరీరములో గుంట వంటి చోటు ఏర్పడినది. తల మాత్రము గాలిలోనే యుండెడిది.

ఈ చరిత్రకు తెలంగాణముతో ఒక సంబంధము కలదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు అప్పుడు నిజాము ఏలుబడిలోని హైదరాబాదు రాజ్యమున ఉండెడివి. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనముతో బ్రిటిష్ వాయుసేనలోని 110వ స్క్వాడ్రనుకు డి.హెచ్.9ఎ అను విమానములు సమకూరినవి. ఆ స్క్వాడ్రను 1918 సెప్టెంబరులో ఫ్రాన్సునకు చేరెను. హైదరాబాదు పేరు దానికి ఉండెను. ఆ విమానములలో చాలకుడును, వెనుకనున్న పరిశీలకుడును మూత లేని గుంటలలోనే కూర్చొనిరి. చలికి తోలు కోటు, గాలికి కంటి అద్దములు, ముందు చిన్న గాజు తెర. అంతే రక్షణ.

1930 తరువాత విమానముల వేగము పెరిగినది. ఎదురుగాలిలో తల నిలుపుట దుర్భరమైనది. తెరచిన గుంట గాలిని చెదరగొట్టి వేగమును తగ్గించెడిది. కనుక మూత అవసరమైనది. అయినను చాలకులు దానిని వెంటనే ఆదరింపలేదు. 1933 చివర మొదట ఎగిరిన సోవియట్ యుద్ధవిమానము ఐ-16 యొక్క తొలి రకములకు జారెడు మూత యుండెను. చాలకులు దానిని మూయక తెరచియే ఎగిరెడివారు. తరువాతి రకములలో ఆ మూతను తీసివేయవలసి వచ్చెను. మూసిన మూత అవసరమైనపుడు తెరచుకొనునా అను అనుమానమే వారి అయిష్టమునకు ఒక కారణము. ఆ అనుమానము నిరాధారము కాదు.

గునపము ఉంచిన విమానము

రెండవ ప్రపంచయుద్ధమున హైదరాబాదు పేరుతో మరి రెండు స్క్వాడ్రనులు ఉండెను. 253వ స్క్వాడ్రను హరికేన్ విమానములను, 152వ స్క్వాడ్రను 1940 ఆరంభము నుండి స్పిట్‌ఫైర్ విమానములను నడిపినవి. 1918 నాటి హైదరాబాదు విమానమునకు మూతయే లేదు; 1940 నాటి హైదరాబాదు విమానమునకు పట్టాలపై వెనుకకు జారు పారదర్శకమైన మూత యుండెను. ఇరువది రెండేండ్లలో వచ్చిన మార్పు ఇది.

అదే కాలపు జర్మను మెస్సర్‌ష్మిట్ 109 విమానము మూతకు బందు కుడి ప్రక్కన ఉండెను. దానిని పెట్టె మూతవలె ప్రక్కకు ఎత్తవలెను. గాలిలో దానిని తెరచి ఉంచుటకు వీలులేదు. ప్రమాదమున దానిని పూర్తిగా విడదీసి పారవేయుటకు ఏర్పాటుండెను. స్పిట్‌ఫైరు మూతను నేలపై నడుచునపుడు, దిగునపుడు తెరచి యుంచవచ్చును. కాని వేగముగా పోవునపుడు దానిని వెనుకకు లాగుట కష్టమని త్వరలోనే తెలిసినది. ఇందుకు పరిష్కారముగా మూత ప్రక్కన గుద్దిన ఊడిపోవు చిన్న పలకను అమర్చిరి. అది ఊడగానే లోపలి పీడనము, వెలుపలి పీడనము సమానమునకు వచ్చి మూత కదలును. అంతటితో ఆగక చాలకుని చేతికి అందునట్లు తలుపుపై ఒక చిన్న గునపమును కూడ బిగించిరి. ఆ కాలపు అత్యుత్తమ యుద్ధవిమానములలో గునపము ఉండుట వింతగా తోచవచ్చును. మూత తెరచుకొనకపోయిన పక్షమున చాలకునికి అదియే చివరి ఆధారము.

మూతను పైకి లాగునది ఏది?

ఇందుకు కారణము భౌతికశాస్త్రమున కలదు. ఉబ్బెత్తుగా నున్న మూత మీదుగా గాలి పోవునపుడు దాని వేగము హెచ్చును. వేగము హెచ్చిన చోట పీడనము తగ్గునని బెర్నూలీ సూత్రము చెప్పుచున్నది. రెక్కను పైకి లేపు బలము వంటిదే మూతను కూడ పైకి లాగును. అనగా ఎదురుగాలి మూతను క్రిందికి అదిమిపట్టదు, పైకి ఎత్తజూచును.

చిన్న లెక్క చేసి చూడవచ్చును. గాలి సాంద్రత ఘనమీటరునకు 1.225 కిలోగ్రాములు. విమానము గంటకు 180 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 50 మీటర్ల వేగమున పోవుచున్నదనుకొందము. సాంద్రతను వేగవర్గముచే గుణించి సగము చేసిన గాలి గతిపీడనము వచ్చును. అది చదరపు మీటరునకు సుమారు 1530 న్యూటనులు. మూత వైశాల్యము ఒక చదరపు మీటరనియు, దాని మీద సగటు చూషణము ఈ పీడనములో సగమనియు తీసికొందము. అప్పుడు మూతను పైకి లాగు బలము సుమారు 765 న్యూటనులు. అనగా 78 కిలోగ్రాముల బరువుతో సమానము. ఒక పెద్దమనిషి బరువంత బలము మూతను ఎత్తుచున్నదన్న మాట. స్పిట్‌ఫైరు వలె గంటకు 480 కిలోమీటర్ల వేగమున పోయినచో ఈ బలము ఏడు రెట్లగును. పట్టాలను అంత గట్టిగా ఒరసికొనుచున్న మూతను చేతితో జరుపలేకపోవుటలో ఆశ్చర్యము లేదు.

ఈ లెక్కలో మరియొక పాఠము దాగియున్నది. మూత బరువు పండ్రెండున్నర కిలోగ్రాములనుకొందము. విమానము గంటకు 72 కిలోమీటర్ల వేగము అందుకొన్నపుడు చూషణబలము సరిగా ఆ బరువునకు సమానమగును. అంతవరకు గడియ వేయకున్నను మూత తన బరువుతో తానే మూసికొని యుండును. కదలదు, మ్రోయదు, హెచ్చరింపదు. ఆ వేగము దాటగానే లేచును. చిన్న విమానము నేలను విడుచు వేగము దాదాపు ఇదే. చాలకుడు తన దృష్టినంతయు రన్‌వే మీద నిలిపియున్న క్షణముననే మరచిన గడియ తన సంగతి తెలుపునన్న మాట.

ఇంట కట్టిన విమానములు

పెద్ద కర్మాగారములలో ఇట్టి నిర్ణయములను ఇంజనీర్ల బృందములు చేయును. కాని తన ఇంటి కొట్టములో తానే విమానము కట్టుకొను అభిరుచి గలవారు ప్రపంచమున పెక్కుమంది కలరు. 1953 జనవరిలో అమెరికాలోని మిల్‌వాకీ నగరమున పాల్ పోబెరెజ్నీ ఇట్టివారికై ఒక సంఘము స్థాపించెను. తరువాత ఈ ఉద్యమము అనేక దేశములకు వ్యాపించెను. ఇట్టి విమానమును కట్టువాడు నమూనా పటములు కొనినను, భాగములు కొనినను, కొన్ని నిర్ణయములు స్వయముగా చేయవలసి యుండును. వానిలో మూత బందు ఒకటి.

రిచర్డ్ వాన్‌గ్రూన్స్‌వెన్ రూపొందించిన ఆర్.వి.-6 విమానము 1986లో మొదట ఎగిరినది. ఇందు ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చొందురు. దీనిని కట్టువారికి రెండు విధముల మూతలు లభించినవి. ఒకటి ముందువైపున బందు గలిగి, వెనుక అంచు పైకి లేచునది. రెండవది పట్టాలపై వెనుకకు జారునది. ఏది మేలు అను చర్చ నాటి నుండియు సాగుచునే యున్నది.

ముందు బందు గల మూతలో ఎదుటి గాజు తెరయు మూతయు ఒకే భాగము. కనుక కంటికి అడ్డుపడు కమ్మి ఉండదు. మూత ఎత్తినచో పరికరముల వెనుక భాగమును బాగుచేయుట సులభము. గడియ మరచినను, కిటికీ రెక్కవలె, గాలి దానిని విరిచి ఎత్తుకొనిపోదు. కొన్ని అంగుళములు మాత్రమే లేచి నిలుచును. కాని ఆ కొన్ని అంగుళములే గాలిని చెదరగొట్టును. చెదరిన గాలి తోకపై పడి, విమానము ముక్కు క్రిందికి వంగజూచును. మరియు వర్షమున మూత ఎత్తినచో పరికరములన్నియు తడియును.

జారెడు మూతకు ఎదుటి గాజు తెర స్థిరముగా నుండును. వేడి దినములలో నేలపై నడుచునపుడు మూతను తెరచి గాలి పీల్చుకొనవచ్చును. ఎండలకు పేరుగన్న ప్రాంతములందు ఇది చిన్న సుఖము కాదు. గడియ ఊడినను పట్టాలు మూతను విడువవు. కాని పట్టాల బరువు, సందులలోనుండి వచ్చు గాలియు నీరును, కంటి ఎదుటి కమ్మి దీని లోపములు. ప్రమాదమున విమాన శరీరము వంగినచో పట్టాలు బిగిసిపోవచ్చును.

మూడవ విధము ప్రక్క బందు. బర్ట్ రూటన్ రూపొందించిన వారీ-ఈజీ 1975లోను, లాంగ్-ఈజీ 1979లోను ఎగిరినవి. వీని మూతలకు బందు కుడి ప్రక్కన ఉన్నది. ఒకరి వెనుక ఒకరు కూర్చొను సన్నని విమానమునకు పొడవైన ఒకే మూత చాల అనుకూలము, నిర్మాణము తేలిక. అయితే గాలి ఇచ్చట బందు వెంబడి పోవును గనుక మూతను మూయదు. చూషణము దానిని లేపగా, లేచిన మూత తెరచాపవలె నిలుచును. గడియ సరిగా వేయక ఎగిరినపుడు మూత తెరచుకొన్న సంఘటనలు జరిగినవి. అప్పుడు రూటన్ బందును మార్చలేదు. మొదటి గడియ తప్పినను మూతను కొద్ది ఎత్తుననే ఆపు రెండవ కొక్కెమును, గడియ పడకున్న మ్రోగు హెచ్చరికను అమర్చుకొనవలెనని నిర్మాతలకు తెలిపెను. ఈ నిర్ణయమున ఒక లోతైన జ్ఞానము కలదు. బందు ఎచ్చట ఉన్నను మనిషి మరచును. కనుక మరపునకు విరుగుడు గడియలో ఉండవలెను.

నాల్గవది వెనుక బందు. గాలి వచ్చు వైపున అంచు ఉండుటచే ఇది అన్నింటికంటె అపాయకరము. గడియ ఊడిన క్షణమున గాలి దానిని పెరికివేయగలదు. కాని జెట్ యుద్ధవిమానములకు పెక్కింటికి బందు వెనుకనే ఉండుట విచిత్రముగా తోచును. అందుకు కారణమును వెదుక దూరము పోనక్కరలేదు. చాలకుడు ఆసనముతో సహా వెలుపలికి ఎగిరిపోవలసిన సమయమున మూత క్షణములో తొలగిపోవలెను. అప్పుడు గాలి శత్రువు కాదు, సహాయకుడు. ఇంట కట్టిన విమానమునకు దోషమైనది యుద్ధవిమానమునకు గుణమైనది.

దగ్గరి ఉదాహరణలు

ఈ భేదములను చూచుటకు విదేశములకు పోవలసిన పనిలేదు. నాగార్జునసాగరము చెంత విమానక్షేత్రము కలదు. ఈ శతాబ్దమున అచ్చట సెస్నా విమానములపై విద్యార్థులకు శిక్షణ జరిగినది. సెస్నాలకు పైమూత లేదు. కారుకు వలె ప్రక్క తలుపులు కలవు. ఆ తలుపుల బందులు ముందువైపున ఉన్నవి. గాలిలో తలుపు ఊడినను అది కొన్ని అంగుళములకు మించి తెరచుకొనదు. చప్పుడు మిక్కుటముగా నుండును గాని విమానము ఎగురుచునే యుండును.

హైదరాబాదు చెంత దుండిగల్లులోని వాయుసేన అకాడమీలో మరియొక మార్పు కనబడును. హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి హెచ్.పి.టి.-32 విమానము 1977లో మొదట ఎగిరినది. దాని మూత వెనుకకు జారునది. ఇంజను చిక్కుల వలన 2009లో దానిని ఎగురవేయుట ఆపిరి. 2013లో దాని స్థానమున స్విట్జర్లాండు నుండి పిలాటస్ పి.సి.-7 మార్క్ 2 వచ్చినది. దీని మూత కుడి ప్రక్కకు తెరచుకొనును.

1963లో భారతదేశమునకు వచ్చిన మిగ్-21 తొలి రకమునకు మూత బందు ముందువైపున ఉండెను. చాలకుడు వెలుపలికి ఎగిరినపుడు ఆ మూత అతనితో పాటు పోయి, గాలి దెబ్బనుండి కవచముగా పనిచేయవలెనని దాని ఉద్దేశము. తరువాత వచ్చిన ఎం రకమున ఆసనము మారినది. మూతయు మారి కుడి ప్రక్కకు తెరచుకొనునదైనది. ఒకే పేరు గల విమానమున, అవసరము మారగా బందు స్థానము మారినది.

వెలుపలికి వచ్చు దారి

ఇంతవరకు మూత తెరచుకొనకుండుటను గూర్చియే చెప్పబడినది. స్పిట్‌ఫైరు గునపము మరియొక ప్రశ్నను గుర్తుచేయును. తెరచుకొనవలసినపుడు తెరచుకొనునా?

ఇంజను ఆగిన చిన్న విమానము ఒకటి తరి పొలములో దిగవలసి వచ్చినదనుకొందము. చక్రములు బురదలో దిగబడగనే విమానము ముక్కుపై నిలిచి తలక్రిందులు కావచ్చును. అప్పుడు ముందు బందు మూత గాని, ప్రక్క బందు మూత గాని నేలకు అదుముకొని తెరచుకొనదు. జారెడు మూతయు బురదలో కూరుకొనిపోవచ్చును. కనుక ఇంట కట్టినవారు పెక్కుమంది, బందు ఏదైనను, మూతను పగులగొట్టుటకు సుత్తి వంటి పనిముట్టును చేతికి అందునట్లు ఉంచుదురు. తలకు మించి ఎత్తున బలమైన కమ్మీ అమర్చుట మరియొక జాగ్రత్త. అది నేలకు, తలకు నడుమ కొంత చోటు మిగుల్చును.

గాలిలో మూతను విసర్జించుట కూడ సులభము కాదు. ఇంజను లేని గ్లైడర్లలో చాలకుడు పారాచూటుతో దూకవలసి వచ్చినపుడు, ముందు బందు మూతను విడదీసిన వెంటనే అది సరిగా ఎగిరిపోక చాలకునిపైనే పడు ప్రమాదము ఉండెను. జర్మనీలోని ఆఖెన్ నగరమున వోల్ఫ్ రోయ్‌గర్ అను ఆచార్యుడు దీనిని పరిశోధించి ఒక చిన్న కొక్కెమును సూచించెను. అది మూత వెనుక అంచును క్షణకాలము పట్టియుంచును. ముందు అంచు గాలికి లేచును. మూత వెనుక అంచుపై తిరిగి, తలమీదుగా దూరముగా పోవును. అనగా నిత్యము ముందు బందుగా పనిచేయు మూత ఆపత్కాలమున వెనుక బందు మూతగా మారును. రెండు విరుద్ధమైన కోరికలు ఒక కొక్కెముతో సమాధానపడినవి.

ఎన్నుకొనుట అనగా

ఈ చరిత్ర నుండి తేలునది ఇది. అన్ని విధముల మేలైన బందు స్థానము లేదు. ప్రతి స్థానమును ఒక తప్పును క్షమించును, మరియొక తప్పును క్షమింపదు. ముందు బందు మరపును క్షమించును, తలక్రిందులగుటను క్షమింపదు. వెనుక బందు వెలుపలికి దారి ఇచ్చును, మరపును క్షమింపదు. కనుక విమానము కట్టువాడు మొదట అడుగవలసినది ‘ఏ మూత అందముగా నున్నది’ అని కాదు. ‘నా వలన ఏ తప్పు జరుగుటకు ఎక్కువ అవకాశమున్నది’ అని. దానికి తగిన బందును ఎన్నుకొని, మిగిలిన తప్పులకు రెండవ గడియను, హెచ్చరికను, సుత్తిని ఏర్పరచుకొనవలెను.

చివరి జాగ్రత్త చాలకుని మనస్సునకు సంబంధించినది. గాలిలో మూత తెరచుకొన్నపుడు తెరచిన మూతకంటె దానిని మూయజూచుటయే పెక్కు ప్రమాదములకు కారణమైనది. చప్పుడునకు, గాలికి కలవరపడి చాలకుడు ఒక చేత మూతను లాగుచు విమానమును మరచును. అనుభవజ్ఞులు చెప్పు మాట ఒక్కటే: ముందు విమానమును నడుపుము, దించుము, మూత సంగతి నేలపై చూడవచ్చును.

పాఠశాలలో ఈ విషయమును ఒక బల్లవిసురు పంకాతోను, రెండు అట్టముక్కలతోను చూపవచ్చును. ఒక అట్టపెట్టె పైభాగమున రెండు మూతలు కోసి, ఒకదానికి గాలి వచ్చు వైపున, రెండవదానికి గాలి పోవు వైపున అంచును కాగితముతో అతికించి బందుగా చేయవలెను. రెండింటిని కొద్దిగా ఎత్తి పంకా తిప్పినచో, మొదటిది మూసికొనును, రెండవది వెనుకకు తిరుగబడును. ఆపైన రెండవదానికి ఒక గుండుసూదిని గడియగా గ్రుచ్చి మరల చూడవలెను. బందు చేయలేని పనిని గడియ చేయును. ఊరి వడ్రంగికిని విమానము కట్టువానికిని ఈ నియమము ఒక్కటే.